చట్టసభలలో బేగం ఐజాజ్ రసూల్
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



"చట్టసభలలో మన ప్రతినిధులు" అనే విషయం మీద అరగంట మాట్లాడమని కార్యదర్శిగారు నన్ను ఆజ్ఞాపించారు. మన సంఘం స్కాలర్‌షిప్పులు ఇచ్చే సంఘం, బీద పిల్లల పెళ్ళిళ్ళకు సాయపడే సంఘం. ఇది రాజకీయ వేదిక కాదు. ఇప్పుడు పదవిలో ఉన్నవారిని పొగడటానికి గాని తెగడటానికి గాని నేను ఇక్కడ నిలబడలేదు. అందుచేత, మన మధ్య లేని ఒక శాసనసభ్యురాలిని గూర్చి మాట్లాడతాను. ఆమె ఏ సభలో కూర్చున్నారు, ఏ ప్రశ్న మీద ఎటు నిలబడ్డారు, అందువల్ల మనకు ఏమయింది అన్నదే నా ప్రసంగం.

ఎందుకు ఈ విషయమంటారా? 2025 ఏప్రిల్‌లో వక్ఫ్ సవరణ బిల్లు లోక్‌సభలో 288 ఓట్లు అనుకూలంగా, 232 ఓట్లు వ్యతిరేకంగా వచ్చి నెగ్గింది. మరునాడు రాజ్యసభలో 128, 95. ఆ వారమంతా మసీదు మెట్ల మీద, చాయ్ హోటళ్ళలో ఒకటే మాట: మన ఎం.పీ. ఎటు వేశాడు? ప్రతివాడూ ఒక కథ చెప్పాడు. డివిజన్ జాబితా మాత్రం చూసినవాడు ఒక్కడూ కనబడలేదు. ఆ జాబితా రహస్యం కాదు, సభా కార్యక్రమాలలో అచ్చవుతుంది. వేదిక మీద ఇఫ్తార్ విందుకు ఎవరు వచ్చారో, టోపీ ఎవరు పెట్టుకున్నారో మనకు ఏళ్ళ తరబడి జ్ఞాపకం ఉంటుంది. చట్టం మీద ఎవరు ఎటు చెయ్యి ఎత్తారో వారం రోజులు కూడా జ్ఞాపకం ఉండదు.

అయితే ఓట్ల లెక్క ఒక్కటి చూస్తే చాలదు. మన చట్టసభలలో చాలా బిల్లులు మూజువాణి ఓటుతోనే నెగ్గుతాయి. అవునన్నవారు గట్టిగా అవునంటారు, కాదన్నవారు కాదంటారు, ఏ గొంతు పెద్దదో అధ్యక్షుడు చెబుతాడు. ఎవరి పేరూ వ్రాతలో ఉండదు. (ఈ మూజువాణి అన్నది మన "ముంహ్ జబానీ"యే. మా స్కూలు తెలుగు పండితులకు ఈ సంగతి చెబితే మొదట నమ్మలేదు. నిఘంటువు తీసి చూసి ఊరుకున్నారు.) సభ్యులు పట్టుబట్టి డివిజన్ అడిగినప్పుడే ఎవరి ఓటు ఎటు పడిందో నమోదవుతుంది. దానికి తోడు 1985లో 52వ రాజ్యాంగ సవరణ వచ్చింది. పార్టీ విప్‌ను ధిక్కరించి ఓటు వేస్తే సభ్యత్వమే పోవచ్చు. కనుక ఇప్పటి సభ్యుడి ఓటు సగం పార్టీ ఓటు. అతని సొంత మనసు తెలియాలంటే అతను ఏమి అడిగాడు, ఏ సవరణ పెట్టాడు, కమిటీ గదిలో ఏమన్నాడు అన్నది చూడాలి. ఒంటరి సభ్యుడు ఏమీ చేయలేడని అనుకోకండి. స్వతంత్ర భారతంలో మంత్రి కాని సభ్యుడు పెట్టి చట్టంగా మారిన మొట్టమొదటి బిల్లు ఏదో తెలుసా? సయ్యద్ మొహమ్మద్ అహ్మద్ కాజ్మీ సాహెబ్ 1952లో పెట్టిన ముస్లిం వక్ఫ్ బిల్లు. 1954లో నెగ్గింది. అటువంటివి మొత్తం పధ్నాలుగే నెగ్గాయి, 1970 తరువాత ఒక్కటీ నెగ్గలేదు.

ఇక మన కథానాయిక బేగం ఖుద్సియా ఐజాజ్ రసూల్. భారత రాజ్యాంగాన్ని తయారు చేసిన రాజ్యాంగ పరిషత్తులో పదిహేనుమంది స్త్రీలు ఉన్నారు. మన రాజమండ్రి బిడ్డ దుర్గాబాయి గారు వారిలో ఒకరు. ఆ పదిహేనుమందిలో ముస్లిం స్త్రీ ఒక్కరే, ఈ బేగం సాహెబా. దుర్గాబాయి గారి పేరు మన పిల్లలకు తెలుసు. బేగం పేరు మన ఉర్దూ మీడియం పిల్లలకు కూడా తెలియదు. పాఠ్యపుస్తకంలో ఒక్క వాక్యమైనా ఉంటే బాగుండేది.

ఆమె 1909లో పుట్టారు. తండ్రి సర్ జుల్ఫికర్ అలీఖాన్, పంజాబులోని మలేర్‌కోట్ల నవాబుల వంశం. అల్లామా ఇక్బాల్ కవిత్వం మీద 1922లోనే ఇంగ్లీషులో పుస్తకం వ్రాసినవారు ఆయన. తల్లి లోహారూ నవాబు అలాఉద్దీన్ అహ్మద్‌ఖాన్ కుమార్తె. గాలిబ్ ఉత్తరాలు చదివినవారికి "అలాయీ" అంటే ఎవరో నేను చెప్పనక్కరలేదు. ఆ అలాయీ మనవరాలు ఈమె. 1929లో హర్దోయి జిల్లా సండీలా తాలూక్‌దారు నవాబ్ ఐజాజ్ రసూల్‌తో నికాహ్ అయింది. అవధ్ తాలూక్‌దారీ కుటుంబమంటే ఎటువంటిదో మీరు ఊహించుకోవచ్చు. వందల గ్రామాల శిస్తు, పెద్ద హవేలీ, ఆ హవేలీలో ఆడవాళ్ళకు వేరే వాకిలి.

1935 చట్టం వచ్చిన తరువాత భార్యాభర్తలు ఇద్దరూ ముస్లిం లీగులో చేరారు. 1937లో బేగం యు.పి. శాసనమండలికి పోటీ చేశారు. అది ఆడవారికి కేటాయించిన స్థానం కాదు, మగవారితో సమానంగా పోటీ పడవలసిన స్థానం. పరదా పాటించని ముస్లిం స్త్రీకి ఓటు వేయడం ఇస్లాంకు విరుద్ధమని ఉలమాల నుంచి ఫత్వా వచ్చింది. అయినా ఆమె గెలిచారు. ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. ఆనాటి శాసనమండలికి ఓటు హక్కు అందరికీ లేదు. ఆస్తి ఉన్నవాడికి, పెద్ద పన్ను కట్టేవాడికే ఉండేది. ఆమెను గెలిపించినవారు బీడీ కార్మికులు కారు, జులాహాలు కారు. తోటి జమీందార్లు, వకీళ్ళు. ఐనా గెలుపు గెలుపే. అదే సంవత్సరం మండలికి ఉపాధ్యక్షురాలయి 1940 దాకా ఆ కుర్చీలో కూర్చున్నారు. 1950 నుంచి 1952 వరకు మండలిలో ప్రతిపక్ష నాయకురాలు. ఆ రోజులలో ఈ దేశంలో స్త్రీలకు అరుదుగా దక్కే పదవులివి.

ఆమె రికార్డులో నేను మొదట చూసేది జమీందారీ రద్దు. 1946లో యు.పి. ప్రభుత్వం జమీందారీని తీసివేస్తామని ప్రకటించింది. 1951లో చట్టం చేసి, 1952 జూలైలో అమలులో పెట్టారు. ఆ ప్రాంతపు ముస్లిం పెద్ద కుటుంబాలకు భూమి తప్ప వేరే ఆధారం లేదు. ఉద్యోగాలు లేవు, వ్యాపారం తెలియదు. జమీందారీ పోతే హవేలీ కూలిపోతుందని అందరికీ తెలుసు. నిజంగా కూలిపోయాయి కూడా. అటువంటి ఇంటి కోడలయి ఉండి జమీందారీ రద్దును గట్టిగా బలపరిచిన వ్యక్తిగా ఆమె పేరు పొందారు. శాసనసభ్యుడు పక్కవాడి భూమి మీద చట్టం చేయడం సులువు. తన సొంత శిస్తు పుస్తకం మీద తానే గీత కొట్టడం ఎంతమందికి చేతనవుతుంది? మన జిల్లాలలో భూసంస్కరణలు ఎలా నడిచాయో చూసినవారు, కుక్కల పేర్ల మీద, పుట్టని బిడ్డల పేర్ల మీద భూములు వ్రాయించుకున్న కథలు విన్నవారు, దీని విలువ తెలుసుకుంటారు.

ఇప్పుడు అసలు విషయం. 1946లో ఆమె రాజ్యాంగ పరిషత్తుకు ఎన్నికయ్యారు. లీగు మొదట పరిషత్తును బహిష్కరించింది. 1947 జూలైలో వారు వచ్చి కూర్చున్నారు. నెల తిరిగేసరికి దేశ విభజన. యు.పి. లీగు పెద్ద నాయకుడు చౌధురీ ఖలీఖుజ్జమాన్ సాహెబ్ ఆ సంవత్సరమే పాకిస్తాన్ వెళ్ళిపోయారు. నాయకుడు వెళ్ళాడు, ఓటు వేసిన జులాహా, దర్జీ, టాంగావాలా ఇక్కడే ఉన్నారు. బేగం సాహెబా కూడా ఇక్కడే ఉన్నారు.

ఆనాడు పరిషత్తు ముందున్న ప్రశ్న ఏమిటంటే, మైనారిటీలు చట్టసభలకు ఏ పద్ధతిలో ఎన్నిక కావాలి? 1909 నుంచి ముస్లింలకు ప్రత్యేక నియోజకవర్గాలు ఉండేవి. అంటే ముస్లిం స్థానానికి ముస్లింలే ఓటు వేస్తారు. రెండో పద్ధతి, స్థానం ముస్లింకు రిజర్వు, ఓటు మాత్రం అందరిదీ. మూడోది, రిజర్వేషనే లేదు, ఎవరైనా ఎక్కడైనా పోటీ చేయవచ్చు.

మా తొమ్మిదో తరగతి పిల్లలకు నేను దీనిని ఇలా చెబుతాను. ఒక ఊళ్ళో నూరు ఓట్లు, అందులో ఇరవై మనవి. మొదటి పద్ధతిలో ఆ ఇరవైమంది తమవాడిని తామే ఎన్నుకుంటారు. అతను మనవాడే, సందేహం లేదు. కాని అతను మిగతా ఎనభై ఇళ్ళ గడప ఎప్పుడూ తొక్కనక్కరలేదు. ఆ ఎనభైమంది సభ్యులు మన మొహల్లాకు ఎప్పుడూ రానక్కరలేదు. మన వీధిలో దీపం వెలగకపోతే వాళ్ళకేమి? మన ఓటు వాళ్ళకు లేదు గదా. రెండో పద్ధతిలో పోటీ చేసే నలుగురూ ముస్లింలే. కాని ఓటు వేసేది నూరుమంది. ఆ నలుగురిలో ఎవరు గెలుస్తారు? ఎనభైమందికి నచ్చినవాడు. మనకు నచ్చినవాడు కాకపోవచ్చు. పేరుకు ముస్లిం, పనికి వేరొకరి మనిషి.

ఈ రెండో పద్ధతిలోని లోపాన్ని రెండు పక్షాలూ చూశాయి. ఇక్కడే దారులు చీలాయి. మద్రాసు సభ్యులు బి. పోకర్ సాహెబ్, మొహమ్మద్ ఇస్మాయిల్ సాహెబ్ ఏమన్నారంటే, ఈ లోపం పోవాలంటే పాత ప్రత్యేక నియోజకవర్గాలే కావాలి. బేగం ఏమన్నారంటే, ఈ లోపం పోవాలంటే రిజర్వేషనే వద్దు. లోపం ఒక్కటే, ఒకరు కుడికి తిరిగారు, ఒకరు ఎడమకు తిరిగారు.

1947 ఆగస్టులో పోకర్ సాహెబ్ ప్రత్యేక నియోజకవర్గాల కోసం సవరణ పెట్టినప్పుడు, అటువంటి కోరిక ఉన్నవారికి పాకిస్తాన్‌లో చోటున్నది, ఇక్కడ లేదు అన్న అర్థం వచ్చేటట్టు సర్దార్ పటేల్ జవాబిచ్చారు. సవరణ వీగిపోయింది. ప్రత్యేక నియోజకవర్గాలు పోయి, పదేళ్ళపాటు జనాభాను బట్టి రిజర్వు స్థానాలు ఉంటాయని నిర్ణయమయింది. ఆనాటి రక్తపాతం మధ్య పటేల్ మాటను నేను అర్థం చేసుకోగలను, ఒప్పుకోలేను. ఎందుకంటే ఆ అడిగినవారు పాకిస్తాన్ పోయే మనుషులు కారు, పోనూలేదు. ఇస్మాయిల్ సాహెబ్ 1948 మార్చిలో మద్రాసులో ఇండియన్ యూనియన్ ముస్లిం లీగును నిలబెట్టి, 1952లో రాజ్యసభకు, తరువాత కేరళలోని మంజేరి నుంచి 1962, 1967, 1971లలో మూడుసార్లు లోక్‌సభకు వెళ్ళారు. 1972లో కన్ను మూసేదాకా ఈ దేశపు సభ్యుడిగానే ఉన్నారు. ఈయన మనకు పరాయివారు కారు. ఆనాటి మద్రాసు రాష్ట్రమంటే సర్కారు జిల్లాలు, రాయలసీమ కూడా అందులోవే. ఆంధ్ర ముస్లింల తరఫున పరిషత్తులో మాట్లాడినది ఈ మద్రాసు సభ్యులే. ఇక తెలంగాణ సంగతి వేరు. హైదరాబాదు సంస్థానం నుంచి ఆ పరిషత్తులో ఒక్క సభ్యుడు కూడా కూర్చోలేదు. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తరువాత, 1949 నవంబరులో నిజాం ఫర్మానా ద్వారా ఆ రాజ్యాంగం అక్కడికి వచ్చింది. మన తాతలను ఎవరూ అడగలేదు.

1949 మే నెలలో ప్రశ్న మళ్ళీ తిరగదోడారు. 11వ తేదీన పటేల్ అధ్యక్షతన సలహా సంఘం కూర్చుని, షెడ్యూల్డు కులాలకు తప్ప మతాన్ని బట్టి ఇచ్చే రిజర్వు స్థానాలు తీసివేయాలని అత్యధిక సంఖ్యాకుల మద్దతుతో తీర్మానించింది. ముస్లిం సభ్యులను ఆ వైపు మళ్ళించడంలో బేగం పాత్ర పెద్దది. క్రైస్తవ నాయకుడు హెచ్.సి. ముఖర్జీ కూడా ఆ వైపే నిలిచారు. 25, 26 తేదీలలో పరిషత్తులో వాదోపవాదాలు జరిగాయి. ఇస్మాయిల్ సాహెబ్ లేచి, రిజర్వేషన్ ఉండాలి, అది ప్రత్యేక నియోజకవర్గాలతో ఉండాలి అని సవరణ పెట్టారు. మైనారిటీ తన గొంతుతో తాను మాట్లాడితే దేశం చీలదు, గొంతు నొక్కితేనే చీలుతుంది అన్నది ఆయన వాదం. బేగం లేచి దానిని వ్యతిరేకించారు. రిజర్వేషన్ అన్నది మైనారిటీని మెజారిటీ నుంచి శాశ్వతంగా వేరు చేసే ఆయుధమని, అది పట్టుకున్నవాడినే నరుకుతుందని ఆమె అభిప్రాయం. వేరుగా ఉన్నంతకాలం అనుమానం పోదు. అవతలివారి సద్భావాన్ని సంపాదించుకోవాలి, మనకు న్యాయం చేసే బాధ్యత వారి మీద పెట్టాలి అన్నారు. సవరణ వీగిపోయింది. తీర్మానం నెగ్గింది.

ఇక్కడ మనం కొంచెం ఆగి చూడాలి. ఆమె తన జాతి మాటను పటేల్‌కు అమ్మేశారని ఆనాడు అన్నవారున్నారు, ఈనాడూ ఉన్నారు. నేను ఆ మాట ఒప్పుకోను. ఆమె 1937 నుంచి ముస్లిం స్థానం మీదనే సభలో కూర్చున్నారు. రిజర్వేషన్ ఉంటే ఆమె వంటివారికే లాభం. పేరున్న కుటుంబం, చదువు, ఇంగ్లీషు, పాత పరిచయాలు ఉన్నవారికే రిజర్వు టికెట్టు దొరుకుతుంది. తనకు తేరగా వచ్చే కుర్చీని తానే వద్దన్న మనిషిని అమ్ముడుపోయింది అనడం న్యాయం కాదు. జమీందారీ విషయంలో ఏమి చేశారో ఇక్కడా అదే చేశారు.

కాని ఆమె లెక్క ఫలించిందా? ఇది వేరే ప్రశ్న, దీనికి జవాబు అంత తియ్యగా లేదు. మూడో పద్ధతిలో, ఊళ్ళో నూరు ఓట్లలో మన ఇరవై గెలిపించలేకపోవచ్చు గాని, ఎనభైలో చీలిక ఉన్నంతకాలం ఆ ఇరవై కోసం ప్రతి అభ్యర్థీ మన గడపకు వస్తాడు. బేగం ఆశ ఇదే. ఒకవేళ ఎనభై ఓట్లలో పెద్ద భాగం ఒకవైపే పోగయితే? అప్పుడు మన ఇరవై ఎవరికీ అక్కరలేదు. ఇస్మాయిల్ సాహెబ్ భయం ఇదే. 1980 లోక్‌సభలో 49 మంది ముస్లిం సభ్యులుండేవారు. అంతకు మించి ఎన్నడూ లేరు. 2019లో 27 మంది, 2024లో 24 మంది. 2011 జనాభా లెక్కల ప్రకారం మనం నూటికి 14కు పైగా ఉన్నాం. 543 స్థానాలలో ఆ పాలు ఎంతో మీరే వేసుకోండి. 1949లో జరిగింది ఒక ఒప్పందం వంటిది. ఒక పక్షం రిజర్వేషన్ వదులుకుంది. పార్టీలు మనవాళ్ళకు టికెట్లు ఇస్తాయి, ఓటర్లు మతం చూడకుండా ఓటు వేస్తారు అన్నది రెండో పక్షం మాట. మొదటి పక్షం వదులుకున్నది వదులుకున్నట్టే ఉంది. రెండో పక్షం పత్రం మీద సంతకం పెట్టలేదు గదా అంటోంది.

అట్లాగని ఇస్మాయిల్ సాహెబ్ దారే సరైనదని కూడా నేను అనలేను. ఆయన అడిగిన ప్రత్యేక నియోజకవర్గం లేకుండానే, హిందువులు, క్రైస్తవులు, ముస్లింలు కలిసి ఓటు వేసే మంజేరి నుంచి ఆయన మూడుసార్లు గెలిచారు. "మంజేరిలో మనవాళ్ళు ఎక్కువ, మాస్టారూ" అని మీరంటారు. నిజమే. మనవాళ్ళు తక్కువ ఉన్న చోట ఏమి చేయాలన్నదే చిక్కు. దానికి ప్రత్యేక నియోజకవర్గం మందు కాదు. అది ఉన్న 38 ఏళ్ళలో దేశం ఎక్కడికి వచ్చి నిలిచిందో మనకు తెలుసు.

ఒక పొరపాటు అభిప్రాయం మనలో చాలామందికి ఉంది, దానిని తీసివేయాలి. బేగం వద్దన్నది చట్టసభలలో మతాన్ని బట్టి ఇచ్చే స్థానాలను. చదువులో, ఉద్యోగాలలో వెనుకబడిన తరగతులకు ఇచ్చే రిజర్వేషన్ వేరు. మన రాష్ట్రంలో 2004లో 5 శాతమని ఒకసారి, 2005లో మరొకసారి ఇచ్చిన ముస్లిం రిజర్వేషన్‌ను హైకోర్టు కొట్టివేసింది. ఆ తరువాత 2007లో దూదేకుల వంటి పాత బి.సి. కులాలు కాక, వెనుకబడిన మరికొన్ని ముస్లిం వర్గాలను బి.సి.–ఇ అని చేర్చి 4 శాతం ఇచ్చారు. 2010లో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అది కొనసాగింది. మన సంఘం ద్వారా ఇంజనీరింగు, నర్సింగు చదివిన ఎంతోమంది ఆ కాగితం మీదనే సీటు తెచ్చుకున్నారు. అది మతానికి ఇచ్చినది కాదు, వెనుకబాటుకు ఇచ్చినది. తహసీల్దారు ఆఫీసులో సర్టిఫికెట్టు అడిగేటప్పుడు మన పిల్లలు ఈ తేడాను చెప్పగలగాలి. 1949 తీర్మానానికీ దీనికీ ముడిపెట్టి ఎవరైనా వాదిస్తే, ఆ రెండూ రాజ్యాంగంలో వేర్వేరు అధికరణల కింద ఉన్నాయని చెప్పండి.

పరదా అవతల కూర్చున్నవారి కోసం ఇంకొక సంగతి. 2023 సెప్టెంబరు 20న లోక్‌సభలో స్త్రీలకు మూడోవంతు స్థానాలు కేటాయించే రాజ్యాంగ సవరణ బిల్లుకు 454 మంది అనుకూలంగా ఓటు వేశారు. వ్యతిరేకంగా రెండే ఓట్లు. రెండూ మజ్లిస్ పార్టీవి, ఒకటి హైదరాబాదు సభ్యులు అసదుద్దీన్ ఒవైసీ గారిది, మరొకటి ఔరంగాబాదు సభ్యులు ఇంతియాజ్ జలీల్ గారిది. వెనుకబడిన తరగతుల స్త్రీలకు, ముస్లిం స్త్రీలకు అందులో విడిగా వాటా లేదన్నది వారు చెప్పిన కారణం. ఆ ఓటు సరైనదా కాదా అన్నది మీ ఇళ్ళలో మీరు తేల్చుకోండి. నేను చూపేది ఒకటే. ఇది మూజువాణి కాదు, డివిజన్. పేరు ఉంది, కారణం ఉంది. 1949లో బేగం మాట కూడా అట్లాగే పేరుతో, కారణంతో నమోదై ఉంది. డెబ్బై నాలుగేళ్ళ దూరంలో ఇద్దరు ముస్లిం సభ్యులు ఒకే ప్రశ్నకు, అంటే విడిగా వాటా కావాలా వద్దా అన్నదానికి, ఎదురెదురు జవాబులు చెప్పారు. బేగం బ్రతికి ఉంటే 2023లో ఏమనేవారో నేను చెప్పబోను. ఆనాటి పరిషత్తులో రేణుకా రాయ్ వంటి స్త్రీ సభ్యులు స్త్రీలకు కూడా రిజర్వు స్థానాలు వద్దనే అన్నారు. మా యోగ్యతతో మేము వస్తాం అన్నారు. ఆ తరం వారి ధైర్యం అటువంటిది. వారి లెక్క కూడా పూర్తిగా ఫలించలేదు. అందుకే ఆ బిల్లు రావలసి వచ్చింది. అదైనా జనగణన, నియోజకవర్గాల పునర్విభజన జరిగిన తరువాతనే అమలు అని చట్టంలోనే వ్రాశారు.

బేగం తరువాతి జీవితం త్వరగా చెబుతాను. లీగు ఉత్తరాదిన కనుమరుగైన తరువాత ఆమె కాంగ్రెసులో చేరారు. 1952 నుంచి 1956 వరకు రాజ్యసభ సభ్యురాలు. 1969లో తిరిగి యు.పి. చట్టసభకు వచ్చి దాదాపు ఇరవై ఏళ్ళు ఉన్నారు. 1969–71 మధ్య సాంఘిక సంక్షేమం, మైనారిటీల శాఖల మంత్రి. ఆడపిల్లలు హాకీ కర్ర పట్టుకుంటే నవ్వే రోజులలో భారత మహిళా హాకీ సమాఖ్యకు ఇరవై ఏళ్ళు అధ్యక్షురాలిగా ఉన్నారు. ఆమె పేరు మీద మహిళల హాకీ కప్పు కూడా ఉంది. మంత్రిగా చేసిన పని కన్నా ఇదే ఎక్కువకాలం నిలిచిందని నాకనిపిస్తుంది. 2000 సంవత్సరంలో పద్మభూషణ్ వచ్చింది. 2001లో తన జీవితకథను ఇంగ్లీషులో ప్రకటించారు, ఆ ఆగస్టులోనే కాలం చేశారు. అల్లాహ్ ఆమెను మన్నించుగాక.

చివరగా సంఘానికి నా విన్నపం. రాజ్యాంగ పరిషత్తు చర్చలు పన్నెండు సంపుటాలుగా అచ్చయి ఉన్నాయి. ఇంగ్లీషులోను, హిందీలోను ఉన్నాయి. మన రీడింగ్ రూములో ప్రస్తుతం దినపత్రికలు, దీనీ పుస్తకాలు, పాత సావనీర్లు ఉన్నాయి. స్కాలర్‌షిప్ నిధిని ముట్టుకోకుండా, ఈ సావనీరు ప్రకటనల మీద మిగిలిన డబ్బుతో ఆ సంపుటాలు తెప్పించండి. 1949 మే నెల చర్చలు ఉన్న సంపుటం ముందు రావాలి. దానిలో ఇస్మాయిల్ సాహెబ్ ప్రసంగాన్ని, బేగం ప్రసంగాన్ని ఉర్దూలోకి, తెలుగులోకి మార్చే పని మా పదో తరగతి ఆడపిల్లలకు అప్పగిస్తాను. తప్పులు నేను దిద్దుతాను. వచ్చే ఏడాది ఇదే సభలో ఒక పిల్ల ఒక పక్షం, మరొక పిల్ల ఇంకొక పక్షం చదువుతారు. వారు చదివేది పరదాకు ఇటువైపా, అటువైపా అన్నది సదర్ సాహెబ్, పెద్దలు ఈ ఏడాదిలోగా ఆలోచించి చెప్పాలి.